బొమ్మల కథలు: తగ్గిన అమ్మకాలు, దూరమైన పాఠకులు

పిల్లల కోసం బొమ్మలతో కథలు అచ్చువేసి నెలనెలా అమ్మే వ్యాపారం తెలుగులో 1940లలో నిలదొక్కుకుంది. నాలుగు దశాబ్దాలు కళకళలాడింది. 1990ల తర్వాత నీరసించి, 2013లో చందమామ ఆగిపోవడంతో ఆ వ్యాపారం ఒక పెద్ద మలుపు తిరిగింది. ఈ పతనానికి టీవీ కారణమని, ఇంగ్లీషు చదువులు కారణమని, సెల్‌ఫోను కారణమని చెప్పుకోవడం మామూలే. ఆ మూడింటిలోనూ నిజం ఉంది. వాటితోపాటు తక్కువగా చర్చకు వచ్చే కారణం మరొకటి ఉంది: పత్రికను నడిపేవారికీ, దాన్ని చదివేవారికీ మధ్య పెరిగిన ఎడం.

సికింద్రాబాద్ కంటోన్మెంటును ఆనుకున్న బోయిన్‌పల్లి లాంటి చోట ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. పాత బోయిన్‌పల్లి, కొత్త బోయిన్‌పల్లి కాలనీలలో తెలుగువారితోపాటు తమిళులు, మరాఠీలు, హిందీ మాట్లాడేవారు, మలయాళీలు కలిసి ఉంటారు. ఒకప్పుడు ఇలాంటి పేటలో పక్కపక్క ఇళ్లలోకి ఒకే నెలలో తెలుగు చందమామ, తమిళ అంబులిమామ, మరాఠీ చాందోబా వచ్చే వీలుండేది. బొమ్మలు అవే, కథలు అవే, అక్షరాలు మాత్రం వేరు. ఇప్పుడు ఇక్కడి స్టేషనరీ షాపుల్లో పిల్లలకు దొరికేవి రంగులు నింపే పుస్తకాలు, ఎక్కాల పుస్తకాలు, ప్రాజెక్టులకు అతికించే బొమ్మల చార్టులు. నెలనెలా వచ్చే తెలుగు బొమ్మల కథల పత్రిక కోసం వెతికితే, షాపువాడు లేదని చెప్పడమే తప్ప, తెప్పిస్తానని కూడా అనడు.

ఈ వ్యాపారం ఎలా మొదలైందో చూస్తే, అది ఎక్కడ దారి తప్పిందో తెలుస్తుంది. తెలుగు పిల్లల పత్రికల తొలి పునాదుల్లో ఒకటి రేడియోతో ముడిపడి ఉంది. మద్రాసు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమం నడిపి రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా పేరు పొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' అనే మాసపత్రికను ప్రారంభించారు. రేడియోలో పాడే పిల్లలు, బాలానంద సంఘాల్లో ఆడే పిల్లలు, పత్రికకు రాసే పిల్లలు ఒకే బృందం. పాఠకుడు ఎవరో సంపాదకులకు పేరుపేరునా తెలుసు. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ, బాపు తొలి బొమ్మ అచ్చయింది ఈ పత్రికలోనే. అప్పటికి వారిద్దరూ చదువుకునే పిల్లలు. పాఠకుల్లోంచే రచయితలూ చిత్రకారులూ పుట్టుకొచ్చే పద్ధతికి ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగులో లేదు. 'బాల' 1950ల చివరి దాకా నడిచి ఆగిపోయింది.

1947 జూలైలో, స్వాతంత్ర్యానికి నెల ముందు, బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి తెలుగులో చందమామను, తమిళంలో అంబులిమామను ప్రారంభించారు. తర్వాతి సంవత్సరాల్లో కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఒరియా, ఇంగ్లీషు, బెంగాలీ, సంస్కృతం సహా పదికి పైగా భాషల్లోకి అది విస్తరించింది. సినిమా స్టూడియో నడిపే చేతులే పత్రికనూ నడిపాయి కాబట్టి మంచి అచ్చుయంత్రాలు, నెలజీతం మీద పనిచేసే చిత్రకారులు, దేశమంతా పాకిన ఏజెంట్లు సమకూరారు. పత్రిక సమయానికి వచ్చేది. ఆ కాలపు పిల్లల పత్రికల్లో ఈ క్రమశిక్షణ అరుదు.

1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యత చేపట్టి, 1980లో మరణించేదాకా ఆ పని చేశారు. పేరు మాత్రం సంపాదకుడిగా అచ్చు కాలేదు. బయటివారు పంపిన కథలను ఆయన తిరిగి రాసేవారు. చిన్న వాక్యాలు, వాడుక మాటలు, వర్ణన తక్కువ, సంఘటన ఎక్కువ. అందువల్ల ఎవరు రాసినా కథ చందమామ కథలాగే ఉండేది. అక్షరాలు కూడబలుక్కునే మూడో తరగతి పిల్లవాడు, చత్వారపు కళ్లద్దాలు పెట్టుకున్న తాతయ్య ఒకే పేజీని ఒకే ఇష్టంతో చదవగలిగింది ఆ భాష వల్లనే.

బొమ్మల సంగతి ఇంకా ముఖ్యం. ముఖచిత్రాలకు వడ్డాది పాపయ్య, మహాభారతానికి ఎం.టి.వి. ఆచార్య, లోపలి కథలకు చిత్ర, శంకర్ పనిచేశారు. బేతాళ కథకు శంకర్ వేసిన శీర్షిక బొమ్మను దగ్గరగా చూస్తే వారి పనితనం అర్థమవుతుంది. రాజు చేతిలో కత్తి, భుజాన శవం, దూరంగా శ్మశానపు చెట్టు, కింద ఎముకలు, పుర్రెలు. రాజు ముఖంలో భయం లేదు, విసుగు లేదు. ఆ బొమ్మ చూడగానే పిల్లవాడికి భయం వేస్తుంది, రాజును చూడగానే ధైర్యం వస్తుంది. కథ మొదటి వాక్యం చదవకముందే సగం కథ చెప్పేసిన బొమ్మ అది. ఆరు దశాబ్దాలు చందమామతో ఉన్న శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్. ఆయన 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. 2021లో కేంద్రప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించింది.

నెలనెలా పత్రిక కోసం పిల్లలు కాచుకుని కూర్చునేలా చేసినవి ధారావాహికలు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు' దాకా పన్నెండు రాశారు. చిత్ర బొమ్మలు వాటికి తోడయ్యాయి. మాంత్రికులు, మొసలి ముఖాల మనుషులు, కూలిపోయిన ఆలయాలు, ప్రతి నెలా ప్రాణగండం దగ్గర ఆగే కథ. తెలుగు పిల్లలకు కామిక్స్ ఇచ్చే ఉత్కంఠ, కామిక్స్ రాకముందే ఈ సీరియళ్లు ఇచ్చాయి.

ఇక్కడే ప్రచురణకర్తకూ పాఠకుడికీ మధ్య తొలి తేడా కనిపించింది. చందమామ చరిత్ర రాసినవారు చెప్పే సంగతి ఇది: ఈ మాయల మంత్రాల సీరియళ్లు చక్రపాణికి పెద్దగా నచ్చేవి కావు. ఒక దశలో వాటిని ఆపించి బంకించంద్రుడి 'దుర్గేశనందిని'ని, దానితోపాటు 'నవాబునందిని' నవలను వేయించారు. అవి గొప్ప నవలలే, బొమ్మలూ బాగున్నాయి. అయినా పిల్లలకు పట్టలేదు, పత్రిక అమ్మకాలు పడిపోయాయి. దాంతో దాసరి సీరియల్ మళ్లీ మొదలైంది. యజమాని తన అభిరుచిని పక్కన పెట్టి పాఠకుడి మాట విన్న సందర్భం ఇది. అమ్మకాల లెక్కను ఆనాడు పాఠకుడి ఉత్తరంలా చదివారు. తర్వాతి కాలంలో ఆ అలవాటు తప్పింది.

అదే చందమామలో మరో లోపం మొదటినుంచీ ఉంది. ఈ సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు. రెండు మూడు తరాల పిల్లలు 'పాతాళదుర్గం' చదివి పెద్దవాళ్లయ్యారు కానీ, అది ఎవరు రాశారో వారిలో చాలామందికి తెలియదు. దాసరి 2010 జనవరిలో మరణించే నాటికి మాత్రమే ఆయన పేరు అభిమానుల నోళ్లలో నానడం మొదలైంది. హైదరాబాదు నుంచి వెలువడిన 'రచన' మాసపత్రిక ఆయనకు స్మృతి సంచిక తెచ్చింది. అభిమాని అనేవాడు పత్రికను ప్రేమించినంతగా రచయితను, చిత్రకారుడిని కూడా ప్రేమిస్తాడు. ఆ పేరు దాచిపెట్టడం వల్ల పత్రిక ఒక పెద్ద బలాన్ని చేతులారా వదులుకుంది.

చందమామ ఒక్కటే ఉండేదనుకుంటే పొరపాటు. బాలమిత్ర, బొమ్మరిల్లు, బాలజ్యోతి, బాలచంద్రిక లాంటివి పోటీగా నడిచాయి. తర్వాత సినిమా దర్శకుడిగా పేరు తెచ్చుకున్న విజయబాపినీడు 1970లలో బొమ్మరిల్లును నడిపారు. చందమామ కాస్త పెద్దమనిషి తరహాగా ఉంటే, ఈ పత్రికలు రాక్షసులను, మాంత్రికులను ఇంకా ధారాళంగా దింపాయి. పోటీ వల్ల పాఠకులు చీలలేదు, పెరిగారు. ఒకటి కొన్న ఇల్లు మరొకటి పక్కింటి నుంచి తెచ్చుకునేది.

అసలు చదువరుల సంఖ్య అమ్మకాల సంఖ్య కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి ఆధారం కిరాయి పుస్తకాల షాపులు. సికింద్రాబాద్ సందుల్లో, కంటోన్మెంట్ బస్తీల్లో ఇలాంటి చిన్న షాపులు చాలా నడిచాయి. కొంత డిపాజిట్ కట్టి, రోజుకు కొద్ది పైసల కిరాయికి పుస్తకం ఇంటికి తీసుకెళ్లే ఏర్పాటు. అట్ట చిరిగితే గోధుమరంగు కాగితం వేసి కుట్టేవారు, మీద స్కెచ్‌పెన్నుతో పేరు రాసేవారు. తల్లులు వారపత్రికల సీరియళ్లు, యండమూరి, మల్లాది నవలలు తీసుకుంటే, పిల్లలు పాత చందమామలు తీసుకునేవారు. ఏ సంచిక ఎక్కువగా నలిగిందో, ఏ సీరియల్ కోసం పిల్లలు వరుసకట్టారో ఆ షాపు యజమానికి కంఠతా తెలుసు. ఆ సమాచారం మద్రాసులోని ప్రచురణకర్త దాకా చేరే దారి మాత్రం లేదు. ప్రచురణకర్త లెక్కలో ఏజెంటు ఉన్నాడు, కిరాయి పుస్తకం చదివే పిల్లవాడు లేడు.

గడులు గీసి, బుడగల్లో మాటలు రాసే అసలు సిసలు కామిక్స్ తెలుగులో లేకపోలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి, బుజ్జాయిగా పేరుపొందినవారు, తెలుగు వారపత్రికకు 'డుంబు' చిత్రకథలు గీశారు. 1960లలో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో ఆయన పంచతంత్రాన్ని వారంవారం బొమ్మల కథగా ఇచ్చారు. దేశవ్యాప్తంగా పేరు తెచ్చుకున్న భారతీయ చిత్రకథలలో అది తొలి వరుసలోది. ఆయన 2022లో మరణించారు. ఇంతటి చిత్రకారుడు పుట్టిన భాషలో ఆయన చుట్టూ ఒక కామిక్స్ సంస్థ పుట్టలేదు.

ఆ ఖాళీని బొంబాయి నింపింది. అనంత్ పాయ్ సంపాదకత్వంలో 1967లో మొదలైన అమర్ చిత్రకథ పురాణ, చారిత్రక పురుషుల కథలను 32 పేజీల పుస్తకాలుగా ఇచ్చింది. వాటిలో కొన్ని తెలుగులోనూ వచ్చాయి. వాటి బలం ఒక్కటే: తల్లిదండ్రులకు అవి పాఠాల్లా కనిపించాయి, పిల్లలకు ఆటల్లా కనిపించాయి. కొనేవాడు, చదివేవాడు ఇద్దరూ సంతోషించిన పుస్తకాలు ఇవి. అయితే తెలుగు అనువాదాలు ఇంగ్లీషు, హిందీ పుస్తకాలంత నిలకడగా రాలేదు. ఈ దశాబ్దాల్లో తమిళులకు శివకాశి నుంచి సొంత కామిక్స్ వచ్చాయి, మలయాళీలకు బాలరమ పత్రికలో మాయావి వచ్చాడు, హిందీవారికి ప్రాణ్ గీసిన చాచా చౌదరి, రాజ్ కామిక్స్ నాగరాజ్ వచ్చారు. తెలుగు పిల్లలకు ఒక సొంత కామిక్స్ వీరుడంటూ స్థిరపడలేదు. ఆ స్థానాన్ని సినిమా హీరో ఆక్రమించాడు.

అమ్మకాల పతనం ఒక్కరోజున జరగలేదు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. మొదట్లో అది సాయంత్రాల ముచ్చట మాత్రమే. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక ఇంట్లో టీవీ రోజంతా వెలుగుతూనే ఉంది. 2009లో తెలుగు మాట్లాడే పిల్లల ఛానల్ ఖుషీ టీవీ కూడా వచ్చింది. నెలకు ఒకసారి వచ్చే రాక్షసుడికి, రోజూ వచ్చే రాక్షసుడు పోటీ అయ్యాడు. ఇదే టీవీ కేరళలోనూ వచ్చింది, తమిళనాడులోనూ వచ్చింది. అక్కడ పిల్లల పత్రికలు మరికొంత కాలం గట్టిగా నిలిచాయి. కాబట్టి టీవీ కారణాల్లో ఒకటే తప్ప, మొత్తం కారణం కాదు.

రెండో కారణం బడి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి. అయినా బోయిన్‌పల్లిలోని ఇంగ్లీషు మీడియం బడుల్లో చాలామంది పిల్లలకు తెలుగు ఒక సబ్జెక్టుగానే మిగిలింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడే పిల్ల, తెలుగు పేజీ చదవడానికి నిమిషానికి నాలుగు చోట్ల తడబడుతుంది. ఆ పిల్లకు పెద్ద అక్షరాలు, చిన్న వాక్యాలు, పేజీ నిండా బొమ్మ కావాలి. అంటే ఆమెకు కావలసింది కామిక్సే. తెలుగు చదవడం కష్టమైన తరానికి బొమ్మల కథ అవసరం పెరిగింది, సరిగ్గా ఆ సమయంలోనే బొమ్మల కథల పత్రికలు మూతపడ్డాయి.

మూడో కారణం పంపిణీ. పత్రిక ధరలో కొంత భాగం ఏజెంటుకు కమీషన్‌గా పోతుంది. అమ్ముడుపోని ప్రతులు రిటర్న్ వస్తాయి, వాటి కాగితం ఖర్చు ప్రచురణకర్తదే. దినపత్రిక ఉన్న సంస్థ తన జీపుల్లోనే పిల్లల పత్రికనూ పంపగలదు. కేరళలో మలయాళ మనోరమకు ఈ వీలుంది, అందుకే బాలరమ ఊరూరా చేరింది. తెలుగు పిల్లల పత్రికల్లో ఎక్కువ భాగానికి వెనక దినపత్రిక లేదు. మద్రాసు నుంచి రైలు పార్శిల్‌లో వచ్చి, సికింద్రాబాద్ ఏజెంటు చేతిలో పడి, అక్కడినుంచి పేపరు కుర్రాడి సైకిలెక్కి బోయిన్‌పల్లి చేరాలి. గొలుసులో ఏ ఒక్క లింకు తెగినా ఆ నెల పత్రిక లేదు. మూడు నెలలు వరసగా రాకపోతే చందాదారుడు మరిచిపోతాడు.

చందమామ విషయంలో గొలుసు పైనుంచే తెగింది. 1998లో కార్మిక వివాదంతో పత్రిక ఆగి, ఏడాది పైగా విరామం తర్వాత 1999 చివర్లో మళ్లీ వచ్చింది. ఏడాది అంటే పిల్లల వయసులో చాలా ఎక్కువ. తొమ్మిదేళ్ల పాఠకుడు పదేళ్లు దాటి టీవీకి, క్రికెట్‌కు అలవాటు పడిపోయాడు. అతని తర్వాత రావలసిన తమ్ముడికి చందమామ పరిచయమే కాలేదు. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ చందమామలో 94 శాతం వాటా కొన్నది. కొత్త పేజీల అమరిక, క్విజ్‌లు, ఆటలు, విజ్ఞానం, కంప్యూటర్ విశేషాలు వచ్చాయి. ఆ తర్వాత ఆ సంస్థే విదేశీ బాండ్ల బాకీలు తీర్చలేక కోర్టుకెక్కవలసి వచ్చింది. 2013లో చందమామ అచ్చు ఆగిపోయింది. 66 ఏళ్ల పత్రిక చివరి సంచిక ఇదీ అని చెప్పే వీడ్కోలు మాట కూడా లేకుండానే చందాదారుల గుమ్మానికి రావడం మానేసింది.

కొత్త యజమానులు చేసిన మార్పుల వెనక ఆలోచన అర్థం చేసుకోదగిందే. ఈ కాలం పిల్లలకు రాజులు, రాక్షసులు పాతబడ్డారని, కంప్యూటరు కావాలని వారు అనుకున్నారు. చిక్కేమిటంటే కంప్యూటరు, క్విజ్ పిల్లలకు పది చోట్ల దొరుకుతాయి. బేతాళుడు ఒక్క చోటే దొరికేవాడు. ఒక్క చోటే దొరికేదాన్ని తగ్గించి, అంతటా దొరికేదాన్ని పెంచితే, కొనడానికి కారణం మిగలదు. మరో పక్క పాత అభిమానులు అప్పటికే నలభై యాభై ఏళ్లవారు. వారికి కావలసింది పాత సీరియళ్ల పూర్తి పుస్తకాలు, మంచి కాగితం మీద శంకర్, చిత్ర బొమ్మల సంపుటాలు. అవి అడిగినంతగా రాలేదు. పిల్లలకు పిల్లల పత్రిక లేదు, పెద్దలకు జ్ఞాపకాల పుస్తకం లేదు. ఒకే సమయంలో రెండు తరాల కొనుగోలుదారులను పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఆ సంవత్సరమే, అంటే 2013లో, రామోజీ ఫౌండేషన్ 'బాలభారతం' మాసపత్రికను ప్రారంభించింది. రంగుల పేజీలు, నాణ్యమైన బొమ్మలతో కొన్నేళ్లు నడిచి, కోవిడ్ దెబ్బ తర్వాత 2021లో అదీ ఆగింది. అదే సంస్థల సమూహం నుంచి 1978 నుంచీ వస్తున్న సాహిత్య మాసపత్రికలు చతుర, విపుల కూడా అప్పుడే ముగిశాయి. వెనక బలమైన సంస్థ ఉన్నా పిల్లల పత్రికను నిలబెట్టడం కష్టమైందంటే, మార్కెట్ ఎంత చెదిరిపోయిందో తెలుస్తుంది.

ఇదే వ్యాధి ప్రపంచంలో వేరే చోట్ల ఎలా కనిపించిందో చూడటం మేలు. అమెరికాలో 1991లో మార్వెల్ సంస్థ ఎక్స్‌మెన్ కొత్త వరుస తొలి సంచికను ఐదు వేర్వేరు అట్టలతో అచ్చువేసింది. 80 లక్షలకు పైగా ప్రతులు షాపులకు వెళ్లాయి. కొన్నవారిలో చాలామంది చదవడానికి కొనలేదు, ధర పెరుగుతుందని దాచడానికి కొన్నారు. ఒకే మనిషి ఐదు అట్టలూ కొంటే ప్రచురణకర్త లెక్కలో ఐదు ప్రతులు, వాస్తవంలో పాఠకుడు ఒక్కడే. ఆ బుడగ పగిలాక వేలాది షాపులు మూతపడ్డాయి, 1996 చివర్లో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. ప్రతులు లెక్కపెట్టి పాఠకులను లెక్కపెట్టకపోతే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదంతం లేదు.

జపాన్‌లో దీనికి విరుగుడు కనిపిస్తుంది. 1968లో మొదలైన షోనెన్ జంప్ పత్రికలో ప్రతి సంచికలోనూ ఒక పోస్టుకార్డు ఉండేది. తనకు బాగా నచ్చిన మూడు కథలేవో రాసి పాఠకుడు పంపాలి. వరసగా అట్టడుగున నిలిచిన సీరియల్‌ను, రచయిత ఎంత పేరున్నవాడైనా, కొద్ది వారాల్లో ముగించేవారు. ఈ పద్ధతిలో కాఠిన్యం ఉంది, కొన్ని మంచి కథలు బలైపోయాయి కూడా. కానీ 1990ల నడుమ ఆ పత్రిక వారానికి 65 లక్షల ప్రతులు దాటింది. తర్వాత అచ్చు ప్రతులు బాగా తగ్గినా, అదే కథలు ఫోన్లలోకి మారి అమ్ముడవుతున్నాయి. కాగితం పోయినా పాఠకుడు పోలేదు.

ఇంత దూరం వెళ్లనక్కరలేదు, శివకాశిలో మరో పాఠం ఉంది. 1972లో మొదలైన ముత్తు కామిక్స్, 1984లో మొదలైన లయన్ కామిక్స్ యూరోపియన్ చిత్రకథలను తమిళంలో ఇచ్చాయి. 2000లలో అవి కూడా సక్రమంగా రాకుండా, దాదాపు ఆగిపోయే స్థితికి చేరాయి. 2012లో సంపాదకుడు పద్ధతి మార్చారు. ముందుగా చందా కట్టినవారికే ప్రధానంగా పుస్తకాలు, మెరుగైన కాగితం, పూర్తి రంగులు, దానికి తగ్గ ధర. ఏడాదిలో ఏ వీరుడి కథలు రావాలో అభిమానులతో నేరుగా చర్చించడం, చెన్నై పుస్తక ప్రదర్శనలో వారిని కలవడం అలవాటైంది. పాఠకుల సంఖ్య పాత రోజులంత లేదు. కానీ ఎవరు కొంటారో తెలుసు కాబట్టి రిటర్న్‌ల బెడద తగ్గింది, సంస్థ బతికింది.

తెలుగులో అభిమానులు ఎక్కడికీ పోలేదనడానికి ఆధారాలు కళ్ల ముందే ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో పాత చందమామలను వెతికేవారు ఇప్పటికీ కనిపిస్తారు. అట్ట లేని సంచికకు ఒక ధర, అట్టతో ఉంటే మరో ధర, బైండు చేసిన పన్నెండు నెలల సంపుటానికి ఇంకో ధర. తూకానికి కొన్న కాగితంలో చందమామ బయటపడితే పాత కాగితాల వ్యాపారి కూడా దాన్ని పక్కకు తీసి పెడతాడు. పత్రిక ఆగాక దశాబ్దాల సంచికలను పేజీపేజీ స్కాన్ చేసి ఒకరితో ఒకరు పంచుకున్నదీ అభిమానులే. ప్రచురణకర్తలు చేయవలసిన భద్రపరిచే పనిని పాఠకులు తమ తీరిక వేళల్లో చేశారు. 2013 నుంచి హైదరాబాదులో కామిక్ కాన్ జరుగుతోంది. టికెట్టు కొని, వేషాలు వేసుకుని వేలమంది కుర్రకారు వస్తున్నారు. వారు కొనేవాటిలో తెలుగు పుస్తకం మాత్రం అరుదు. బాహుబలి సినిమాకు ఆదరణ చూసి దాని కథాలోకాన్ని 2017లో కామిక్‌గా తెచ్చారు. తెలుగువారి కల్పన నుంచి కామిక్స్ పుట్టగలవని దానితో రుజువైంది. దానికి కొనసాగింపుగా తెలుగు కామిక్స్ పరిశ్రమ మాత్రం తయారు కాలేదు.

చిన్న ప్రయత్నాలే ప్రస్తుతం ఆశ కలిగిస్తున్నాయి. బోయిన్‌పల్లికి కొద్ది దూరంలో, సికింద్రాబాద్ తార్నాకలో ఉన్న 'మంచి పుస్తకం' సంస్థ పెద్ద అక్షరాలు, పేజీ నిండా బొమ్మలతో తక్కువ ధర పుస్తకాలు తెస్తోంది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి బొమ్మల కథల పుస్తకాలకు పోటీలు పెట్టి కొత్త రచయితలను, చిత్రకారులను వెతుకుతోంది. అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పత్రిక పిల్లలు రాసిన కథలకు చోటిచ్చింది. 1945లో 'బాల' నడిచిన దారి ఇదే. పాఠకుడిని దూరం నుంచి ఊహించుకోకుండా, అతని పక్కన కూర్చుని పత్రిక చేయడం ఈ ప్రయత్నాల లక్షణం.

మొత్తం మీద తేలేది ఇది. తెలుగులో బొమ్మల కథలకు పాఠకులు తగ్గారన్నది సగం నిజం. పాఠకుల దాకా వచ్చే పత్రికలు తగ్గాయన్నది మిగతా సగం. కొత్తగా ఎవరైనా ఈ వ్యాపారంలోకి దిగితే చేయవలసిన పనులు తెలిసినవే. తడబడుతూ చదివే పిల్లలకు తగ్గ పెద్ద అక్షరాలు, పేజీకి నాలుగైదు వాక్యాలు. రచయిత పేరు, చిత్రకారుడి పేరు మొదటి పేజీలోనే. ప్రతి నెలా పిల్లలను అడిగి తెలుసుకునే ఒక ప్రశ్న, దానికి వచ్చే నెలలో కనిపించే జవాబు. ఏజెంటు మీద ఆధారపడకుండా బడుల ద్వారా, అపార్ట్‌మెంట్ సంఘాల ద్వారా ముందస్తు చందాలు. పెద్దల కోసం పాత సీరియళ్ల నాణ్యమైన పునర్ముద్రణ. వీటిలో ఏదీ కోట్ల పెట్టుబడి అడగదు.

తల్లిదండ్రుల వంతు కూడా కొంత ఉంది. పిల్లల పుట్టినరోజుకు కొనే కానుకల్లో ఒక తెలుగు బొమ్మల కథల పుస్తకం చేర్చడం, బడి గ్రంథాలయంలో అలాంటివి ఉన్నాయో లేదో అడగడం, ఏటా చలికాలంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు పిల్లలను తీసుకెళ్లి పుస్తకం వారినే ఎంచుకోనివ్వడం కష్టమైన పనులు కావు. పిల్లవాడు ఎంచుకున్నది రాక్షసుడి కథే అయినా కాదనకూడదు. ప్రచురణకర్తకు పాఠకుడి మాట వినిపించాలంటే, ముందు ఇంట్లో ఆ మాట వినాలి.